‘ఎట్లున్నవ్?’ అని అడగడం కూడా భక్తేనా?



ఈ వారం వీడియోలో జటాయువు ఘట్టం చెప్పుకున్నాం కదా. వీడియోలో సమయం సరిపోక ఒక మాట మిగిలిపోయింది. నిజం చెప్పాలంటే సమయం కాదు, ధైర్యం సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇది కొంచెం మా ఇంటి విషయం, కొంచెం మా చాదర్‌ఘాట్ విషయం, కొంచెం మనందరి ధర్మం విషయం. నెమ్మదిగా చదవండి.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటి మలక్‌పేట వైపు పోతుంటే ఒక సందులో మాది పాత రెండంతస్తుల ఇల్లు. పైన మేము. కింద చాలా ఏళ్లుగా ఒకే కుటుంబం అద్దెకు ఉంటోంది. వాళ్లు క్రైస్తవులు, అబిడ్స్ వైపు ఒక సి.ఎస్.ఐ. చర్చికి పోతారు. పండక్కి మా ఇంటి నుంచి వాళ్లకు పులిహోర, క్రిస్మస్‌కు వాళ్ల ఇంటి నుంచి మాకు కేకు. అంతవరకే మా సంబంధం. అంతకుమించి ఏమీ తెలుసుకోలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

కొన్నేళ్ల కింద అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. మొదటి పది రోజులు ఇల్లంతా చుట్టాలే. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసాలు పెట్టడానికి చోటు లేదు. నెల తిరిగేసరికి ఫోన్లు మిగిలాయి. మూడు నెలలకు వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు మిగిలాయి. ఎవరినీ తప్పు పట్టట్లేదు. ఎవరి బతుకు వాళ్లకుంది.

నా సంగతి చెప్తాను. ఒక సాయంత్రం పక్క గదిలో మైక్ పెట్టుకొని స్క్రిప్ట్ చదువుతున్నా. విషయం: మానవ సేవే మాధవ సేవ. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే అమ్మ పిలిచింది. రికార్డింగ్ పాడైంది. నేను వెళ్లి, "ఏందమ్మా, అయిదు నిమిషాలు ఆగలేవా" అని విసుక్కున్నా. అమ్మకు కావలసింది మంచినీళ్లు. ఆ వీడియో బాగానే ఆడింది. దాని కింద చాలామంది 'కళ్లు తెరిపించారు అన్నా' అని రాశారు. ఆ కామెంట్లు ఇప్పటికీ నేను తెరిచి చూడలేను.

కింది ఇంట్లో ఒక కాగితం

అదే రోజుల్లో కింది ఇంటి అంకుల్‌కు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్. ఒకరోజు కరెంటు బిల్లు ఇవ్వడానికి కిందికి పోతే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. మంగళవారం ఒకరి పేరు, గురువారం ఒకరి పేరు, శనివారం ఒకరి పేరు. "ఏంటి ఆంటీ ఇది?" అంటే, "చర్చోళ్లు బాబు. అంకుల్‌ను దవాఖానకు తీసుకపోయేటోళ్ల లిస్టు" అంది. మంగళవారం వచ్చేది బ్యాంకులో రిటైరైన ఒకాయన. గురువారం ఒక డిగ్రీ కుర్రాడు, నా కంటే చిన్నవాడు. నాలుగు గంటలు అక్కడే కూర్చొని, తిరిగి ఇంట్లో దింపి పోయేవాళ్లు.

పాస్టర్ గారు నెలకొకసారి వచ్చేవారు. చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం తెచ్చి, చర్చికి రాలేని మనిషికి ఇంటి దగ్గరే ఇచ్చేవారు. దాన్ని వాళ్లు సంస్కారం అంటారు. మనం గుడికి రాలేని ముసలివాళ్లకు తీర్థం, ప్రసాదం ఇంటికి పంపిస్తాం చూడండి, అలాంటిదే అనుకున్నా. తేడా ఒక్కటే. మనం పంపిస్తాం. ఆయన స్వయంగా తెచ్చేవారు, తెచ్చి అరగంట కూర్చునేవారు.

ఒక గురువారం ఆంటీ పైకి వచ్చింది. "వదినా, మా స్త్రీల మైత్రి వాళ్లు ఇద్దరు వచ్చిన్రు. మిమ్మల్ని ఒకసారి చూసి పోతరట. రమ్మంటారా?" అని అమ్మను అడిగింది. నన్ను కాదు, అమ్మనే అడిగింది. అమ్మ తలూపింది. నాకు మాత్రం లోపల ముళ్లు లేచాయి. ఇప్పుడు మొదలవుతుంది అనుకున్నా. వాళ్లలో ఒకామె, "ప్రార్థన చెయ్యమంటారా అమ్మా?" అని అడగనే అడిగింది.

అమ్మ కష్టంగా మాట కూడదీసుకొని అంది: "వద్దమ్మా. నాకు నా రాముడున్నడు."

గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆ పెద్దావిడ, "మంచిదమ్మా. ఊరికెనే కూసుంటం" అంది. కూర్చున్నారు. కాళ్లు పట్టారు. సుల్తాన్‌బజార్‌లో చీరల ధరల గురించి మాట్లాడారు. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. వచ్చే గురువారం మళ్లీ వచ్చారు. ఆ పై గురువారం మళ్లీ. పద్నాలుగు నెలలు, అమ్మ పోయేదాకా. ప్రార్థన మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలట్లేదు. ఆ గదిలో భక్తి ఎవరి దగ్గరుంది? మైక్ ముందున్న నా దగ్గరా, కాళ్ల దగ్గర కూర్చున్న వాళ్ల దగ్గరా?

విచారణ అనే మాట

గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ మీలో చాలామంది చూసే ఉంటారు. 1870లో పునాది వేసిన గుడి అది. తెలుగు కథోలికులు ఒక చర్చి పరిధిలోని కుటుంబాలన్నిటినీ కలిపి ఏమంటారో తెలుసా? 'విచారణ' అంటారు. ఆ కుటుంబాలను చూసుకునే ఫాదర్‌ను విచారణ గురువు అంటారు. ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఎందుకంటే ఆ మాట మనదే. ఆత్మవిచారణ అంటాం. నేనెవరు అని లోపలికి తిరిగి అడగడం. రమణ మహర్షి జీవితమంతా చెప్పింది అదే. అదే మాటను ఇంటి బయట వాడితే, ఒకరి బాగోగులు అడిగి తెలుసుకోవడం. దాని పక్కనే ఇంకో మాట, విచారం, అంటే దుఃఖం. తెలుగులో ఆలోచించడం, అడగడం, బాధపడటం మూడూ ఒకే ఇంటి పిల్లలు. ఎదుటివాడి విచారాన్ని విచారించని వాడు ఆత్మవిచారణ ఎంత చేసినా అది సగమే అని భాషే మనకు చెప్తోందేమో.

పాస్టర్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. అర్థం పశువుల కాపరి. మనకు కొత్తేం కాదు కదా, మన స్వామి పేరే గోపాలుడు. కాపరికి మందలో ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలదు. ఏది కుంటుతోందో, ఏది వెనకబడిందో తెలియాలి.

కానీ ఒక్క కాపరి వందల ఇళ్లకు చాలడు. సి.ఎస్.ఐ.లో పాస్టర్లకు కొన్నేళ్లకోసారి బదిలీలు కూడా ఉంటాయి. అందుకే ఆ పని మామూలు సభ్యుల చేతికి వచ్చింది. దీని వెనక ఒక మంచి కథ ఉంది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులు ప్రార్థనా మందిరం అప్పు తీర్చాలనుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడు. అతను వారానికోసారి ఇంటింటికీ పోయి మనిషికి ఒక పెన్నీ వసూలు చెయ్యాలి. చందా కోసం తలుపు తట్టినవాడికి లోపలి సంగతులు కనిపించాయి. ఒక ఇంట్లో జబ్బు, ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో తగాదా. చందా పద్ధతి కాస్తా మనుషుల్ని విచారించే పద్ధతి అయిపోయింది. మన మెదక్, హైదరాబాద్ ప్రాంతాలకు వచ్చిన మిషనరీలు ఆ వెస్లీ సంప్రదాయం వాళ్లే. 1947 సెప్టెంబర్ 27న అనేక చర్చిలు కలిసి సి.ఎస్.ఐ. అయినప్పుడు వాళ్లూ అందులో కలిశారు.

ఇంకొకటి, ఇది మీ వయసు వాళ్ల కథ. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల కాలేజీ కుర్రాడు స్నేహితులతో కలిసి సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ మొదలుపెట్టాడు. వాళ్ల పని చాలా చిన్నది. పేదవాళ్ల ఇంటికి స్వయంగా వెళ్లి కూర్చొని మాట్లాడి రావడం. డబ్బు పంపితే సరిపోదు, మనిషి పోవాలి అనేది వాళ్ల పట్టు. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో ఆ పని జరుగుతోంది.

"అదంతా మతం మార్చడానికే కదా?"

ఇది మీరు అడుగుతారని తెలుసు. నేనూ అడిగాను. ఈ ప్రశ్నను తప్పించుకుంటే ఈ వ్యాసం రాయడం దండగ.

అమ్మ దగ్గరికి ఇంకో బృందం కూడా వచ్చింది. వేరే ఎవరో, ఈ చర్చివాళ్లు కాదు. రెండు సార్లు వచ్చారు. మీ దేవుళ్లను వదిలితే నడక వస్తుందన్నారు. అమ్మ కాదంది. మూడోసారి రాలేదు. మరి మన వైపు? ఒక సేవా బృందం వచ్చింది. అమ్మ చేతిలో పండ్ల సంచి పెట్టి, బ్యానర్ పట్టుకొని ఫొటో తీసుకున్నారు. అమ్మ పైట సరిచేసుకునే లోపే క్లిక్ అయిపోయింది. వాళ్లూ మళ్లీ రాలేదు.

గీత పదిహేడో అధ్యాయంలో భగవానుడు దానాన్ని మూడు రకాలుగా చెప్పాడు. తిరిగి ఏమీ చెయ్యలేని వాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని, ఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. అక్కడ ఇచ్చేవాడి మతం గురించి ఒక్క మాట లేదు. మనిషిని సంఖ్యగా చూసినా రాజసమే. మనిషిని ఫొటోగా చూసినా రాజసమే. పుణ్యం ఖాతాలో జమ కోసం చూసినా రాజసమే. ఈ కొలబద్ద వాళ్లకెంతో మనకూ అంతే.

నాకు తోచిన పరీక్ష ఒకటే. 'వద్దు' అన్న తర్వాత కూడా వస్తారా? 'నాకు నా రాముడున్నడు' అని అమ్మ అన్న రోజు ఆ ఇద్దరికీ తెలిసిపోయింది, ఇక్కడ తమ మతానికి దక్కేదేం లేదని. అయినా వచ్చారు. ఆ తర్వాతి గురువారాలన్నీ నిష్కామమే అని నేను నమ్ముతున్నా. కాదని మీరు వాదించొచ్చు. మనసుల్లో ఏముందో నేను చూడలేదు. కానీ వాళ్ల చేతులు ఏం చేశాయో చూశాను.

మన నేల మీదే ఇంకో ఉదాహరణ. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల కోసం ఒక ఆసుపత్రి వెలిసింది. నడిపింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, పాస్టర్ అయిన ఆమె భర్త. దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత. కుష్ఠు అంటే ఊరి బయటికి తరిమేసే రోజులవి. ఆయనకు ఆ డాక్టరమ్మ మతం ఏదో తెలియదా? తెలుసు. పుండ్లు కడుగుతున్న చేతులు కనిపించాయి, ఇచ్చాడు. ఆయన హిందుత్వం దానివల్ల ఇసుమంత తగ్గిందంటారా?

మనకు లేదా మరి?

ఉంది. రామాయణంలో దశరథుడి సభలో ప్రజలు రాముణ్ణి పొగిడేటప్పుడు ఏమంటారో చూడండి. ఊరి నుంచి తిరిగొస్తే మమ్మల్ని సొంతవాళ్లలా పిల్లల గురించి, ఇంటి గురించి పేరుపేరునా అడుగుతాడు, మా కష్టానికి మాకంటే ఎక్కువ బాధపడతాడు అంటారు. అంటే రాజు కాకముందే ఆయన విచారణ గురువు.

జటాయువు దగ్గరికి వద్దాం. రక్తంలో పడి ఉన్న పక్షిని చూసి రాముడు ముందు అనుమానించాడు. సీతను తిన్న రాక్షసుడే అనుకొని బాణం తీశాడు. మనలాగే. తర్వాత విన్నాడు. విని, బాణం పారేసి కౌగిలించుకున్నాడు. అప్పుడు ఆయనకు ఎంత తొందర! భార్య కోసం అడవంతా వెతుకుతున్నాడు. అయినా ఆగాడు. బతికించలేకపోయాడు. కానీ ఆ పక్షి ఒంటరిగా పోలేదు. కట్టెలు పేర్చి, దహనం చేసి, గోదావరిలో నీళ్లు వదిలాడు, కొడుకులాగా. చాలా జబ్బుల ముందు మనం చెయ్యగలిగింది కూడా ఇంతే. బాగుచెయ్యలేం. పక్కన ఉండగలం.

మరి లోపం ఎక్కడ? గుళ్లో అర్చకుల మీద నెపం వెయ్యకండి. ఆగమం ప్రకారం ఆయన పని స్వామి కైంకర్యం. మన బాగోగులు చూసే పని ఒక్కరిది కాదు. పురోహితుడు, మేనమామ, వీధి, ఉమ్మడి కుటుంబం పంచుకునేవి. పరామర్శ అని దానికి పేరు. ఊళ్లో అది నడిచింది. చెప్పాలంటే ఊళ్లో కూడా అందరికీ నడవలేదు. వాడ దాటి ఎవరు పరామర్శించారు? ఇప్పుడు సిటీలో అపార్ట్‌మెంట్లకు వచ్చాక ఆ పంచుకునేవాళ్లు చెదిరిపోయారు. ఫ్రిజ్ మీద కాగితం రాసేవాళ్లు లేరు. మన భక్తి తగ్గలేదు, క్యూలు పెరిగాయి కూడా. కానీ లిస్టు లేదు.

ఇంకో లోపం మన నోట్లో ఉంది. అమ్మ మంచం పక్కనే ఒక చుట్టం, "ఏ జన్మల ఏం చేసిందో, అనుభవించాలె" అంది. అమ్మ వింటోంది. కర్మ సిద్ధాంతం నన్ను నేను దిద్దుకోవడానికి ఇచ్చిన అద్దం. దాన్ని పడిపోయిన మనిషి మొహం మీద పెట్టడానికి కాదు. ఈ తప్పు అందరిదీ. క్రైస్తవుల బైబిలులో యోబు అనే ఆయన కథ ఉంది. సర్వం పోగొట్టుకున్న ఆయన దగ్గరికి ముగ్గురు మిత్రులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకు గొప్ప మిత్రులే. తర్వాత నోరు తెరిచి, నీ పాపం వల్లే ఇదంతా అన్నారు. అక్కడ చెడింది.

భాగవతంలో కపిలుడు చెప్పిన మాట ఒకటి నన్ను పొడుస్తూనే ఉంటుంది. అన్ని ప్రాణుల్లో ఉన్న నన్ను పట్టించుకోకుండా విగ్రహాన్ని మాత్రమే పూజించేవాడు బూడిదలో హోమం చేస్తున్నట్టే అంటాడు. విగ్రహం వద్దనడం లేదు, అక్కడే ఆగిపోవద్దంటున్నాడు. ఈ మాట ఆయన చెప్పింది ఎవరికో తెలుసా? తన తల్లి దేవహూతికి. తల్లి పక్కన కూర్చొని, ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా. నేనేమో మా అమ్మను అయిదు నిమిషాలు ఆగమన్నా.

మనం ఏం చేద్దాం?

మా చాదర్‌ఘాట్ వాళ్లకు మూసీ అంటే భయమూ ఉంది, ప్రేమా ఉంది. 1908 సెప్టెంబర్ 28న ఆ నది పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాన్ని పట్టుకొని సుమారు 150 మంది బతికారు. చెట్టు వరదను ఆపలేదు. కదలకుండా నిలబడింది, అంతే.

పెద్ద సంస్థలు పెట్టమని చెప్పట్లేదు. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్‌లో మంచాన పడ్డవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు. ముందు అడిగి వెళ్లండి, వాళ్లనే అడగండి. సలహాలు వద్దు, మీకు తెలిసిన డాక్టర్ పేరు కూడా వద్దు. కర్మ గురించి వద్దు. ఫొటో అసలే వద్దు. మొదటి పది రోజులు అందరూ వస్తారు, మీరు నలభయ్యో రోజు వెళ్లండి. మళ్లీ వెళ్లండి. జపానికి నియమం ఉన్నట్టే దీనికీ ఒక వారం, ఒక వేళ పెట్టుకోండి. వాళ్లు వేరే మతం వాళ్లయితే మీ మతం జేబులో పెట్టుకొని వెళ్లండి, పారేసి కాదు.

అమ్మ పదమూడో రోజు భోజనాలకు ఆ ఇద్దరూ వచ్చారు. వెనక వరసలో కూర్చొని తిన్నారు. ఆ తర్వాతి గురువారం సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. చూస్తే ఆ పెద్దావిడ. "అమ్మ లేదని తెలుసు బిడ్డా. గురువారం కదా, కాళ్లు అవే ఎక్కినయ్" అంది. అమ్మ మంచం ఉన్న చోట కుర్చీ వేశాను. "ఎట్లున్నవ్?" అంది. అంతవరకు ఎవరి ముందూ ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

కింది ఇంటి అంకుల్‌కు డయాలసిస్ ఇంకా నడుస్తోంది. శనివారం వచ్చే ఆయనకు ఊరు బదిలీ అయింది. ఫ్రిజ్ మీద కాగితంలో శనివారం ఎదురుగా ఇప్పుడు నా పేరుంది. అంకుల్ లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చొని రామనామం చేసుకుంటా. అందుకే శనివారాలు మన ఛానెల్‌లో కొత్త వీడియో రావట్లేదు. ఏమనుకోకండి.

వచ్చే వారం రంతిదేవుడి కథతో కలుద్దాం. నమస్తే.